విరిగిన పక్కటెముకలు పాడవు

పోయిన నెల ఒక అర్ధరాత్రి మా తమ్ముడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది. వాడుండేది డల్లాస్‌లో, వాడికది మధ్యాహ్నం. పాట్సీ క్లైన్ అనే గాయని 1961లో కారు ప్రమాదంలో చావు అంచుదాకా వెళ్లొచ్చిందట. పక్కటెముకలు విరిగి ఉండగానే స్టూడియోకి వచ్చి ‘క్రేజీ’ అనే పాట పాడిందట. ఆ పాటలో మనకి వినిపించే బాధ నిజమైన బాధేనట. కింద రెండు దండాలు, ఒక పగిలిన గుండె బొమ్మ.

నేను ‘అబద్ధం’ అని ఒక్క మాట కొట్టి పంపించాను.

‘అక్కా, నువ్వింకా పడుకోలేదా?’ అన్నాడు.

పడుకోలేదు, పడుకోబుద్ధీ కాలేదు. ఆ పాట నాకు కొత్తది కాదు. వాడే అమెరికా వెళ్లిన మొదటి ఏడాది పంపించాడు. మూడు నిమిషాలు కూడా ఉండదు. నిన్ను ప్రేమించి ఎంత వెర్రిదాన్నయ్యానో అని ఒక ఆడమనిషి తనని తానే విసుక్కుంటుంది, అంతే కథ. కోపం లేదు, శాపనార్థాలు లేవు. నేనెన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అందుకే ఆ ఫార్వర్డ్ నాకు గుచ్చుకుంది. అందులో ప్రమాదం నిజం, దెబ్బలు నిజం, స్టూడియోకి రావడం నిజం. ఆ నొప్పితో పాడిందన్న మాట దగ్గరే కథ తలకిందులైంది. ఆ నొప్పితో ఆమె పాడలేకపోయింది. పాట వచ్చింది నొప్పి తగ్గాక.

ఇదేదో చిన్న తేడా అనిపించొచ్చు. నాకు అందులోనే సంగతంతా ఉంది అనిపిస్తుంది.

నా పక్కటెముకల సంగతి

రెండేళ్ల కిందట వానాకాలంలో హనుమకొండలో స్కూటీ మీంచి పడ్డాను. రంగు వెయ్యని స్పీడ్ బ్రేకరు, దాని మీద నీళ్లు. హ్యాండిల్ ఎడమ పక్కకి గుద్దుకుని రెండు పక్కటెముకలు చిట్లాయి. కాలో చెయ్యో అయితే పిండికట్టు వేస్తారు, చూడొచ్చినవాళ్లు దాని మీద సంతకాలు పెడతారు. దీనికి ఏమీ ఉండదు. ‘కట్టేం వెయ్యరమ్మా, దానంతటదే అతుక్కోవాలి, ఆరు వారాలు’ అన్నాడు డాక్టరు. నొప్పి మాత్రలిచ్చి, ఊపిరి పీల్చే ఒక ప్లాస్టిక్ డబ్బా కొనుక్కోమన్నాడు. మూడు గొట్టాల్లో మూడు బంతులుంటాయి. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లాగితే బంతులు ఒక్కొక్కటే పైకి లేవాలి.

మొదటి బంతి లేచింది. రెండోది వణికి కింద పడింది. మూడోది మూడు వారాలదాకా నా మొహం చూడలేదు.

పక్కటెముక విరిగితే పోయేది ఊపిరి. తుమ్మొస్తుందంటే భయం. దగ్గొస్తే దిండుని గుండెకి అదుముకుని దగ్గమంది నర్సు. నవ్వొస్తే, నవ్వించినవాళ్ల మీద కోపమొస్తుంది. మామూలుగా మనం పట్టించుకోని ఆ చిన్న కదలిక, పీల్చినప్పుడు డొక్క వెడల్పవడం, అక్కడే కత్తిలా దిగుతుంది. కాబట్టి మనిషి తెలియకుండానే పైపైన పీల్చడం మొదలుపెడతాడు. మాట చిన్నదవుతుంది. వాక్యం మధ్యలో ఆగుతుంది.

నేను గాయనిని కాదు. ఆఫీసులో రిటైర్మెంట్ సభలకి ప్రార్థన పాడే మనిషిని. అయిదో వారంలో మా సీనియర్ ఒకాయన రిటైరయ్యాడు. పాడమన్నారు, సరే అన్నాను. రెండో చరణంలో కొంచెం పైకెళ్లాల్సిన చోట ఊపిరి అందలేదు. గొంతు బీటలు వారింది. పక్క పట్టుకుని, కళ్లు మూసుకుని, అలాగే కూర్చుండిపోయాను. హాలంతా నిశ్శబ్దం. తర్వాత చప్పట్లు. ఆయన వెళ్లిపోతున్నాడని దుఃఖం ఆపుకోలేకపోయానని అందరూ అనుకున్నారు. ఆయనైతే కళ్లు తుడుచుకున్నాడు కూడా. నిజం చెప్పాలంటే, ఆయన సీటు ఖాళీ అవుతున్నందుకు లోపల నాకు పండగ్గానే ఉంది.

ఇది చెబితే తమ్ముడు పట్టుకున్నాడు. ‘చూశావా, నొప్పి జనానికి చేరింది కదా మరి!’ అన్నాడు.

చేరింది. కానీ అది పాట కాదురా, పాట తెగిపోవడం. తెగిపోవడం ఎవర్నయినా కదిలిస్తుంది, ఒకసారి. అక్కడున్న ముప్ఫై మందిలో ఎవరైనా ఫోనులో రికార్డు చేసుకుని ఉంటే, రెండోసారి వింటారా? అరవై ఏళ్లు వింటారా?

ఆ రోజు నాష్‌విల్‌లో

ప్రమాదం జరిగింది 1961 జూన్ 14న, అమెరికాలో పాటల రికార్డింగులకి పేరున్న నాష్‌విల్ ఊరి పక్కన. కారు పాట్సీ తమ్ముడు నడుపుతున్నాడు, పక్కన ఆమె. ఎదురుగా వచ్చిన కారుతో ఢీ. ముందు అద్దంలోంచి విసిరేసినట్టు పడింది. నుదురు చీరుకుపోయింది, తుంటి కీలు తప్పింది, మణికట్టు విరిగింది. చంటివాడు పుట్టి అప్పటికి అయిదు నెలలు. ఆమె ఆసుపత్రిలో ఉండగానే, అంతకుముందు పాడిన పాట ఒకటి పైకి పాకుతూ పోయి, ఆగస్టుకల్లా కంట్రీ పాటల్లో, అంటే అమెరికా పల్లె బాణీ పాటల్లో, మొదటి స్థానానికి వచ్చింది. పాట నడుస్తున్నప్పుడు దాని వెనక ఇంకో పాట సిద్ధంగా ఉండాలి, ఆ వ్యాపారం అలాంటిది. అందుకే ఆగస్టు 21న చంకల కింద కర్రలతో స్టూడియోకి వచ్చింది.

ఆ స్టూడియో గురించి ఒక ముక్క చెప్పాలి. ఆమె పాటల నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ, ఆయన తమ్ముడు హెరాల్డ్ కలిసి పదహారో అవెన్యూలో ఒక ఇల్లు కొని, దాని వెనక రేకుల షెడ్డు వేశారు. సైన్యం వాడే రకం, సగం చీరిన గొట్టంలా ఉంటుంది. క్వాన్‌సెట్ హట్ అనేవారు. అందులో వాయించేవాళ్లు నాష్‌విల్‌లో ఆరితేరినవాళ్లు: పియానో మీద ఫ్లాయిడ్ క్రేమర్, గిటారు గ్రేడీ మార్టిన్, బేస్ బాబ్ మూర్, డ్రమ్స్ బడ్డీ హార్మన్, ఆరు తీగల బేస్ గిటారు మీద హెరాల్డ్ బ్రాడ్లీ. వెనక కోరస్ జోర్డనేర్స్, నలుగురు మగవాళ్లు. వీళ్లకి స్వరాలు రాసివ్వక్కర్లేదు, పాట ఒకసారి వింటే చాలు. మూడు గంటల సెషన్‌లో నాలుగు పాటలు ముగించి, వేరే సెషన్‌కి వెళ్లిపోయే మనుషులు.

ఆ రోజు ఒక్క పాటకి నాలుగు గంటలు పట్టింది. అయినా పాట పూర్తి కాలేదు.

పక్కటెముకల నొప్పికి పైస్వరాలు అందలేదు. ఆ పాట వింటే తెలుస్తుంది ఎందుకందవో. మాట మధ్యలో గొంతు కింద నుంచి పైకి ఎగరాలి, పైకెళ్లాక అక్కడ నిలబడాలి, అదీ గట్టిగా కాదు, మెత్తగా. గట్టిగా అరవడానికి ఊపిరి కావాలి, మెత్తగా నిలపడానికి అంతకంటే ఎక్కువ కావాలి. నా మూడు బంతుల డబ్బా సాక్షిగా చెబుతున్నాను: గాలి ఒక్కసారి బలంగా లాగితే రెండో బంతి ఎగిరి పడుతుంది, దాన్ని అలా గాల్లో నిలబెట్టమంటేనే ప్రాణం పోతుంది.

చివరికి బ్రాడ్లీ వాద్యాలవరకు రికార్డు చేసుకుని, ఆమెని ఇంటికి పంపేశాడు. సెప్టెంబరు 15న ఆమె మళ్లీ వచ్చింది. అప్పటికి ఇరవై అయిదు రోజులు గడిచాయి. సిద్ధంగా ఉన్న వాద్యాల మీద తన గొంతు ఒక్కటే పాడింది. ఒక్క టేకులో అయిపోయింది.

ఇది ఏదో మూలన దొరికిన రహస్యం కాదు, ఆ పాట గురించి తెలిసినవాళ్లందరికీ తెలిసిందే. అయినా ఫార్వర్డ్ మాత్రం మొదటి సగమే మోసుకొస్తుంది. ‘నొప్పితో పాడింది’ అంటే దండం పెడతారు. ‘నొప్పి తగ్గేదాకా ఆగి, తర్వాత పాడింది’ అంటే ఎవరు పెడతారు?

అయితే అది దొంగపాటా?

తమ్ముడు ఫోన్ చేశాడు, ఈసారి నాకు పొద్దున్న. ‘అంటే బ్యాండు ఒకరోజు, గొంతు ఒకరోజు. ఇద్దరూ ఒక గదిలో లేరు. అతికించారన్నమాట. నువ్వు దాన్ని మెచ్చుకుంటున్నావు!’ అన్నాడు.

ఇది తీసిపారేసే మాట కాదు. అప్పటి మన మద్రాసు స్టూడియోల్లో గాయకులు, నిండు వాద్యబృందం ఒకేసారి పాడి, వాయించి టేకు ఓకే చేసిన రోజులవి. ఎక్కడ ఎవరు తప్పినా మళ్లీ మొదటికి. ఆ పద్ధతిలో ఉండే వేడి వేరు, ఒకరి ఊపిరి ఒకరికి తెలుస్తుంది. గొంతు బాగోకపోతే రికార్డింగే వాయిదా. గొంతుని వాద్యాల నుంచి విడదీసి పక్కన పెట్టగలగడం టేపు తెచ్చిన సౌకర్యం. తర్వాత్తర్వాత ఆ సౌకర్యమే ఎంత ప్రాణం తీసిందో ఇప్పటి పాటలు వింటే తెలుస్తుంది. నేను కాదనను.

కానీ ఈ ఒక్క పాటలో టేపు చేసిన పని నాకు వేరేలా కనిపిస్తుంది. నాలుగు గంటలపాటు ఆ వాద్యకారులు, కర్రల మీద వచ్చిన మనిషి కోసం వాయించారు. ఆమె ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ అందుకోలేకపోతుందో చూస్తూ వాయించారు. క్రేమర్ పియానో వినండి, గొంతుకి అడ్డం రాదు, గొంతు వదిలిన చోటల్లా వచ్చి నిలబడుతుంది. హార్మన్ డ్రమ్ముల మీద పుల్లలు వెయ్యడు, కుంచెతో నిమురుతాడు. అది ఆగస్టునాటి ఓపిక. దాని మీద సెప్టెంబరు నాటి గొంతు వచ్చి కూర్చుంది. మంచాన పడ్డ మనిషికని పరిచిన పరుపు మీద, కోలుకున్న మనిషి వచ్చి పడుకున్నట్టు. రెండు రోజుల మధ్య ఎడం లేకపోతే ఆ పాట అలా ఉండదు. టేపు అబద్ధం చెప్పలేదు, గాయానికీ పాటకీ మధ్య మూడు వారాల చోటిచ్చింది.

ఇంకోటి. అసలు ఈ పాట ఆమెకి నచ్చలేదు. రాసింది విల్లీ నెల్సన్. అప్పటికి ఆయన పాటలు అమ్ముకుని బతికే కుర్రాడు. ఒక పాట హక్కులన్నీ యాభై డాలర్లకి, ఇంకోటి నూటయాభైకి అమ్ముకున్నవాడు. ఒక బార్‌లో పాట్సీ భర్త చార్లీ డిక్‌కి ఈ పాట వినిపించాడు, చార్లీ ఆ రాత్రే ఇంటికి లాక్కెళ్లాడు. తను మాత్రం సిగ్గుపడి కారులోనే కూర్చుండిపోతే పాట్సీయే వచ్చి లోపలికి తీసుకెళ్లిందని నెల్సన్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆయన పాడే తీరు వేరు, తాళం ముందు పోతుంటే మాట వెనక నింపాదిగా నడుస్తుంది. ఆ నడక ఆమెకి పట్టుబడలేదు. అనుకరించబోయి విసుగొచ్చింది. నీ తీరులో నువ్వు పాడమన్నాడు బ్రాడ్లీ. ఇలాంటి నింపాది పాటలంటేనే ఆమెకి మోజు లేదు. జాలరు కుచ్చుల కౌబాయ్ బట్టలేసుకుని హుషారు పాటలు పాడాలని ఆమె సరదా. అంతకుముందు పాటప్పుడు, కోరస్ నలుగురు మగవాళ్లు తన గొంతుని ముంచేస్తారని అలిగింది కూడా.

అంటే పాట బాధ ఆమెది కాదు, నెల్సన్‌ది. నడక ఆమెది కాదు. ఒంటి నొప్పి పనికి రాలేదు. మరి మనం వినేదేమిటి? నా చెవికైతే తేరుకున్న మనిషి వినిపిస్తుంది. ఏం జరిగిందో తెలుసు, తనెంత వెర్రిదో తెలుసు, అదంతా చెప్పడానికి సరిపడా ఊపిరి చేతిలో ఉంది.

ఇక్కడ నాకే ఒక చిక్కు

ఇంతవరకు రాసి, రెండు రోజులు పక్కన పెట్టాను. మా ఊరు గుర్తొచ్చింది.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు రాగాలు తీసి ఏడుస్తారు. అప్పటికప్పుడు మాటలు కట్టి, పోయినవాళ్లని పిలుస్తూ, నిలదీస్తూ, ‘నీ చెప్పులు గడపకాడ్నే ఉన్నయి, నువ్వెటు పోతివి’ అంటూ. అందులో వరస ఉంటుంది, తూకం ఉంటుంది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఉంటుంది. గాయం ఇంకా పచ్చిగానే ఉంటుంది. మరి నొప్పి పాడదని నేనెలా అంటాను?

తాత పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. అందరికంటే గొప్పగా రాగం తీసింది మా వీధి చివరి పెద్దమ్మ. ఆమె ఏడుపుకి మగవాళ్లు కూడా తల తిప్పుకున్నారు. నాయనమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. తాత తలగడ పక్కన కూర్చుని, ఆయన బీడీల డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉంది. దానికి ఊళ్లో చెవులు కొరుక్కున్నారు కూడా, ముసల్దాని గుండె రాయి అని. మళ్లీ కందులొచ్చే కాలానికి, ఒక మధ్యాహ్నం వాకిట్లో చేటతో కందులు చెరుగుతూ నాయనమ్మ చిన్నగా రాగం అందుకుంది. నేను గుంజకానుకుని విన్నాను. తాత పేరు లేదు అందులో. కొట్టులో ఆయన పెట్టిపోయిన బీడీల బాకీ ఉంది, ఎడ్లని అమ్మిన నాటి సంగతుంది, ఆమెకి తెస్తానని తేని ముక్కుపుడక ఉంది. చేట చప్పుడుకి రాగం సరిగ్గా పడుతోంది. కంట్లో నీళ్లు లేవు. నన్ను చూసి ‘ఏం గావాలె?’ అంది, చెరగడం ఆపకుండా.

ఆ పెద్దమ్మ సంగతి అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. అంతకు పదేళ్ల ముందు ఆమె కొడుకు బావిలో పడి పోయాడట. ఏ ఇంట చావైనా ఆమె ఏడ్చేది వాడి కోసమే అని.

ఇది నా వాదనకి మరీ అనుకూలంగా కుదిరిందని నాకే అనుమానం. కాబట్టి ఇదీ చెప్పాలి. అదే ఊళ్లో, భర్త శవం ఆసుపత్రి నుంచి వచ్చిన గంటలోపే రాగం తీసిన మనిషినీ చూశాను. రాగం ఎక్కడా తప్పలేదు. ఆమెకి తేరుకునే సమయం ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. బహుశా ఆ వరస ఇచ్చింది. చిన్నప్పట్నుంచి ఎన్నో చావుల్లో విని ఒంట్లో ఇంకిన వరస అది, అప్పటికి సిద్ధంగా ఉంది. స్టూడియోలో ముందే పరిచిన వాద్యాలలాగే. ఇంతకుమించి దీనికి నా దగ్గర జవాబు లేదు. పైగా మళ్లీ మళ్లీ వినిపించాలని ఎవరూ అలా ఏడవరు. పాటకి ఆ వెసులుబాటు లేదు, వందోసారి విన్నప్పుడు కూడా నిలబడాలి.

మా పాప సంగీతం టీచరుకి ఇలాంటి చర్చలతో పని లేదు. ఒకరోజు పాప స్కూల్లో ఎవరితోనో గొడవపడి ఏడుస్తూనే క్లాసుకెళ్లింది, ఆ రోజు నేర్చుకోవాల్సింది కూడా ఒక దుఃఖం పాట. నేనైతే బాగా కుదిరింది అనుకున్నాను. టీచరు పాప వంక చూసి, ‘బాత్రూంలోకెళ్లి మొత్తం ఏడ్చేసి, ముక్కు చీదుకుని రామ్మా. తర్వాత పాడదాం’ అంది.

వెనక నుంచి వినడం

ఈ ఫార్వర్డులు నచ్చకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1963 మార్చి 5న, కాన్సస్ సిటీలో ఒక సహాయ కచేరీ చేసి తిరిగొస్తూ చిన్న విమానం కూలి పాట్సీ చనిపోయింది. ముప్ఫై ఏళ్లు. ‘క్రేజీ’ పాడి అప్పటికి ఏడాదిన్నర. ఆ సంగతి తెలిశాక ఆ గొంతులో చావు వినిపించకుండా ఎవరు వినగలరు? నేనూ వినలేను. కానీ 1961 శీతాకాలంలో రేడియోలో విన్నవాళ్లకి ఆ చావు తెలియదు. అయినా పాట పాప్ పట్టికలో తొమ్మిదో స్థానందాకా, కంట్రీలో రెండో స్థానందాకా వెళ్లింది. ఆ జనం విన్నది పాటని.

మనకేమో పాడినవాళ్ల రక్తం కనబడితే తప్ప పాట నిజమనిపించదు. ఆమె భర్తతో గొడవలు పడేది, అందుకే ఇలా పాడింది అంటారు. గొడవలు నిజమే. గొడవలు పడే భార్యలు నాష్‌విల్‌లో ఎంతమంది ఉండేవారో! పైస్వరం మీద మెత్తగా నిలబడ్డది ఒక్కరే. పద్నాలుగు పదిహేనేళ్ల వయసు నుంచి రేడియో స్టేషన్ల చుట్టూ తిరిగి, బార్లలో, సంతల్లో పాడి సంపాదించుకున్న పనితనాన్ని పక్కన పెట్టి, ఒక ఎక్స్‌రే చూపించి దండం పెట్టడం నాకు ఆ మనిషిని చిన్నచేసినట్టు ఉంటుంది.

ఇదంతా తమ్ముడికి ఒకేసారి చెప్పలేదు, నాలుగైదు ఫోన్లలో చెప్పాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. ‘అక్కా, దెబ్బ తగలకపోయి ఉంటే ఆగస్టులోనే పాడేసేది. అప్పుడు అది ఇంత మంచి పాట అయ్యేదా?’ అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. నాలుగు పాటల్లో ఒక పాటగా నలభై అయిదు నిమిషాల్లో ముగిసిపోయి ఉండేదేమో. దెబ్బ పాడలేదు గానీ, అందర్నీ నిదానించేలా చేసింది. ఆ మేరకు వాడి ఫార్వర్డుకి ఒక మార్కు ఇస్తాను.

మొన్న ఆదివారం వాడు దాన్ని దిద్ది మా కుటుంబం గ్రూపులో పెట్టాడు. ‘నొప్పితో పాడింది’ తీసేసి, ‘నొప్పితో పాడలేకపోయింది, మూడు వారాలాగి పాడింది’ అని రాశాడు. పగిలిన గుండె బొమ్మ మాత్రం ఉంచాడు. నలుగురు దండాలు పెట్టారు. ఖమ్మం అత్తయ్య మాత్రం కింద రాసింది: ‘పాపం, ఇప్పుడెలా ఉంది ఆ అమ్మాయికి?’